కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఊరు ఏం నేర్చుకోవాలి?

1979 వేసవిలో కెనడా వలస వ్యవహారాల మంత్రి రాన్ ఆట్కీ చేతికి ఒక చరిత్ర వ్యాసం వచ్చింది. రాసింది ఇర్వింగ్ అబెల్లా, హెరాల్డ్ ట్రోపర్ అనే ఇద్దరు చరిత్రకారులు. హిట్లర్ బారి నుంచి పారిపోయి వస్తున్న యూదులకు 1930లలో కెనడా ఎలా తలుపులు మూసిందో పాత ప్రభుత్వ ఫైళ్ళు తిరగేసి రాశారు. 1939లో సెయింట్ లూయిస్ అనే ఓడలో 900 మందికి పైగా యూదులు అట్లాంటిక్ దాటి వచ్చారు. క్యూబా దిగనివ్వలేదు, అమెరికా రానివ్వలేదు, కెనడా కూడా కాదంది. ఓడ యూరప్‌కు వెనక్కి వెళ్ళిపోయింది. అందులో వచ్చినవాళ్ళలో 254 మంది ఆ తర్వాత నాజీల మారణకాండలో చనిపోయారు.

ఆట్కీ ఆ వ్యాసాన్ని తను చదివి ఊరుకోలేదు, తన చుట్టూ ఉన్నవాళ్ళతో కూడా చదివించాడు. ఎందుకంటే సరిగ్గా ఆ నెలల్లోనే వియత్నాం, కంబోడియా, లావోస్ నుంచి లక్షల మంది పారిపోతున్నారు. చాలామంది చిన్న చిన్న పడవల్లో సముద్రం మీద ఉన్నారు. నలభై ఏళ్ళ కిందట తమ దేశం చేసిన పనే మళ్ళీ చేయాలా అన్న ప్రశ్న కాగితం మీద కళ్ళెదుట ఉంది.

అదే జూన్ నెలలో టొరంటోలో ఇంకో సంగతి జరిగింది. యార్క్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పే హోవర్డ్ ఆడెల్‌మన్ ఈ శరణార్థుల కోసం మంత్రికి ఒక ఉత్తరం రాద్దామని ఇరుగుపొరుగువాళ్ళను తన ఇంటికి పిలిచాడు. ఆ సమావేశానికి వలస శాఖ అధికారులు ఇద్దరు కూడా వచ్చారు. ఉత్తరాలు రాయడం కంటే మంచి దారి ఒకటి ఉందని వాళ్ళే చెప్పారు. కొత్తగా అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం మామూలు పౌరులు ఐదుగురు కలిస్తే ఒక శరణార్థి కుటుంబాన్ని తామే రప్పించుకుని, ఏడాది పాటు ఖర్చు భరించి, దగ్గరుండి చూసుకోవచ్చు. చట్టంలో ఆ వీలు ఉందని అప్పటికి చాలామందికి తెలియదు. అలా ఆ ఇంటి ముందుగదిలో 'ఆపరేషన్ లైఫ్‌లైన్' పుట్టింది. కొద్ది వారాల్లోనే దేశమంతా శాఖలు వచ్చాయి.

జూలైలో ప్రభుత్వం 50,000 మందిని తీసుకుంటామని ప్రకటించింది. జనం ఒకరిని రప్పించుకుంటే మేము ఒకరిని రప్పిస్తాం అంది. మరుసటి ఏడాది దాన్ని 60,000కు పెంచారు. వచ్చినవాళ్ళలో సగానికి మించి జనం పూచీ మీదే వచ్చారు. ఒట్టావా మేయర్ మారియన్ డ్యూవర్ తన ఒక్క నగరమే 4,000 మందిని తీసుకుంటుందని చెప్పి, అందుకోసం ఊరంతటినీ కదిలించారు. 1986లో ఐక్యరాజ్యసమితి నాన్సెన్ శరణార్థి పురస్కారాన్ని ఏ నాయకుడికో కాక మొత్తం కెనడా ప్రజలకు ఇచ్చింది. ఒక దేశ ప్రజలందరికీ కలిపి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి.

ఈ కథలో అందరూ చెప్పుకునేది కెనడా జనం దయ గురించి. నాకు మాత్రం ఆ వ్యాసం గుర్తుండిపోతుంది. పాత ఫైళ్ళలో కూర్చుని పనిచేసిన ఇద్దరు పరిశోధకులు, సాయం చేయాలని ఉన్నా ఎలాగో తెలియని ఇరుగుపొరుగువాళ్ళు, చట్టంలో దారి ఎక్కడుందో తెలిసిన అధికారులు ఒకే సమయంలో ఒకరికొకరు అందుబాటులోకి వచ్చారు. వీళ్ళలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పని అంత పెద్దది అయ్యేది కాదు. ఆ తర్వాత కెనడా ఈ మూడు రకాల మనుషులనూ ఒక చోట కూర్చోబెట్టడానికి ఎన్నో ప్రయత్నాలు చేసింది. కొన్ని ఫలించాయి, కొన్ని సగంలో ఆగాయి. వాటి సంగతి మనకు తెలియడం అవసరం, ఎందుకంటే హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో బయలుదేరి అక్కడి బేస్‌మెంట్‌లలో దిగుతున్న మన పిల్లలకు ఆ ఏర్పాట్లు ఎక్కడ అందుతాయో, ఎక్కడ అందవో ఈ చరిత్రలోనే ఉంది.

మాటతోనే మొదలయ్యే చిక్కు

వలస వెళ్ళినవాళ్ళు కొత్త చోట నిలదొక్కుకోవడాన్ని తెలుగులో ఏమనాలి? 'కలిసిపోవడం' అంటాం. అంటే పాలలో చక్కెరలా కరిగిపోవడమా? కరిగిపోతే ఇక చక్కెర కనిపించదు. 'ఇమిడిపోవడం' అంటే ఉన్న చోటులోనే ఒదిగి సర్దుకోవడం, చోటు మాత్రం పెరగదు. నాకు 'కుదురుకోవడం' అన్న మాట దగ్గరగా అనిపిస్తుంది. మొక్కను తెచ్చి నాటితే మొక్క ఒక్కటే ప్రయత్నిస్తే సరిపోదు. కుదురు తవ్వాలి, నీళ్ళు పోయాలి, నేల కాస్త చోటివ్వాలి.

కెనడా విధానాల్లో తరచూ వినిపించే వాదన ఇదే. వచ్చినవాళ్ళూ మారతారు, వాళ్ళను తీసుకున్న సమాజమూ మారాలి. చెప్పడం సులువు. వచ్చినవాళ్ళకు భాష నేర్పడానికి తరగతులు పెట్టొచ్చు, పరీక్ష పెట్టొచ్చు, మార్కులు వేయొచ్చు. మరి ఊరికి ఎవరు నేర్పాలి? ఆసుపత్రి, స్కూలు, బస్సుల శాఖ, పోలీస్ స్టేషన్, ఉద్యోగాలిచ్చే కంపెనీలు, ఇళ్ళ ఓనర్లు ఇవన్నీ వేటికవే. వీటిలో దేనికీ 'కొత్తవాళ్ళను కుదుర్చు' అన్న బాధ్యత విడిగా లేదు. అందరి పని కాబట్టి ఎవరి పనీ కాకుండా పోతుంది.

ఊరు మారకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి కెనడా దాకా వెళ్ళక్కర్లేదు. 1942లోనూ, మళ్ళీ 1960లలోనూ బర్మా నుంచి వేల తెలుగు కుటుంబాలు తిరిగొచ్చాయి. తమ సొంత భాష మాట్లాడే చోటికే వచ్చాయి. అయినా విశాఖపట్నంలో వాళ్ళు దిగిన పేట పేరు ఇప్పటికీ బర్మా క్యాంపే. తరాలు మారాక కూడా ఆ పేరులో క్యాంపు మిగిలే ఉంది.

బల్ల చుట్టూ ఎవరు కూర్చుంటారు

పరిశోధనను ప్రభుత్వానికీ సేవా సంస్థలకూ దగ్గర చేయడానికి 1996లో కెనడా 'మెట్రోపాలిస్' అనే పెద్ద ప్రాజెక్టు మొదలుపెట్టింది. టొరంటో, మాంట్రియల్, వాంకూవర్, ఎడ్మంటన్‌లలో విశ్వవిద్యాలయాల ఆధ్వర్యంలో కేంద్రాలు వచ్చాయి, తర్వాత అట్లాంటిక్ తీరంలో మరొకటి చేరింది. వలసల గురించి అంతకుముందు లేనంత సమాచారం పోగయింది. ఆరోగ్యంగా వచ్చినవాళ్ళు కొన్నేళ్ళు గడిచేసరికి స్థానికుల కంటే ఉన్న ఆ ఆరోగ్యపు మెరుగును ఎందుకు పోగొట్టుకుంటున్నారు, పెద్ద చదువులున్నవాళ్ళు చిన్న ఉద్యోగాల్లో ఎందుకు ఆగిపోతున్నారు లాంటి ప్రశ్నల మీద వరసగా పని జరిగింది. దశాబ్దంన్నర తర్వాత ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు ఆగిపోయాయి. ఆ ఖాళీలో 2012లో 'పాత్‌వేస్ టు ప్రాస్పెరిటీ' అనే కూటమి వచ్చింది. దీన్ని నడిపిస్తున్నది ఒంటారియో రాష్ట్రంలోని లండన్ నగరంలో వెస్టర్న్ విశ్వవిద్యాలయం మనస్తత్వశాస్త్ర ఆచార్యురాలు విక్టోరియా ఎసెస్. పేరుకు ఇంగ్లండ్ రాజధాని పేరే అయినా ఈ లండన్ టొరంటోకు రెండు గంటల దూరంలో ఉన్న మధ్యస్థాయి నగరం.

ఎసెస్ బృందం 2010లో ప్రభుత్వం కోసం ఒక పని చేసింది. 'వలస వచ్చినవాళ్ళను ఆదరించే ఊరు' అని దేన్నంటాం? అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి 17 లక్షణాలు తేల్చి, ప్రాధాన్యాన్ని బట్టి వరసలో పెట్టారు. మొదటిది ఉద్యోగాలు. రెండోది మనుషుల మధ్య పరిచయాలు, నమ్మకాలు పెరిగే అవకాశం. మూడోది అందుబాటు అద్దెలో సరైన ఇల్లు. ఆ తర్వాత స్థానికుల మనోభావాలు, సేవా సంస్థలు, చదువు, వైద్యం, బస్సులు, చివరికి పత్రికలు, టీవీల్లో ఎలా చూపిస్తున్నారు అన్నది కూడా ఉంది. ఆ వరస చూడగానే నాకు తట్టింది ఒకటే. ఈ పదిహేడింటిలో చాలావాటిని వచ్చినవాళ్ళు ఎంత కష్టపడినా తమంతట తాము తెచ్చుకోలేరు. సాయంత్రం షిఫ్ట్ అయ్యాక బస్సు లేకపోతే దానికి వచ్చినవాడి ఇంగ్లీషు ఏం చేస్తుంది?

ఈ ఆలోచనకే ఒక నిర్మాణం ఇచ్చినవి 'లోకల్ ఇమ్మిగ్రేషన్ పార్ట్‌నర్‌షిప్'లు. కెనడాలో వాటిని పొట్టిగా 'లిప్' అంటారు. 2005లో ఫెడరల్ ప్రభుత్వానికీ ఒంటారియోకూ మధ్య కుదిరిన ఒప్పందంలోంచి ఈ ఆలోచన వచ్చింది. 2008లో దరఖాస్తులు పిలిచారు. తర్వాత ఒంటారియో దాటి మిగతా రాష్ట్రాలకూ పాకాయి. ఇప్పుడు అటూ ఇటూగా 80 దాకా ఉన్నాయి. క్యూబెక్‌కు వలసల విషయంలో తన సొంత ఏర్పాట్లు ఉన్నాయి, అది వేరే కథ.

లిప్ అంటే కొత్త ఆఫీసు తెరిచి సేవలు ఇవ్వడం అనుకుంటారు చాలామంది. అది కాదు. లిప్ ఎవరికీ ఇంగ్లీషు నేర్పదు, ఉద్యోగం ఇప్పించదు, ఫారాలు నింపిపెట్టదు. అది ఒక బల్ల. ఆ బల్ల చుట్టూ నగరపాలక సంస్థ, స్కూలు బోర్డు, లైబ్రరీ, ఆసుపత్రి, పోలీసులు, కంపెనీల ప్రతినిధులు, కొత్తగా వచ్చినవాళ్ళకు నిలదొక్కుకోవడంలో సాయం చేసే సెటిల్‌మెంట్ సంస్థలు, దగ్గర్లోని విశ్వవిద్యాలయం, వలస వచ్చి అక్కడ ఉంటున్న మనుషులు కూర్చుంటారు. ముందు ఊళ్ళో ఏం జరుగుతోందో లెక్కలు తీస్తారు, సర్వే చేస్తారు. దాన్నిబట్టి నాలుగైదేళ్ళ ప్రణాళిక రాసుకుంటారు. ఎవరు ఏ పని చేయాలో పంచుకుంటారు. కొన్నాళ్ళకు మళ్ళీ కొలుస్తారు. ఇద్దరు ముగ్గురు సిబ్బంది ఈ మొత్తాన్ని కదుపుతుంటారు. జీతాలు ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుంది.

సేవలు ఇవ్వకూడదన్న నియమం వెనక లౌకిక జ్ఞానం ఉంది. సెటిల్‌మెంట్ సంస్థలన్నీ ఒకే ప్రభుత్వ నిధి కోసం పోటీ పడతాయి. బల్లను నడిపేవాడే ఆ నిధిలో వాటాకు కూడా చేయి చాపితే మిగతావాళ్ళు నోరు విప్పరు. బల్ల నడిపేవాడికి లాభం లేకపోతేనే అందరూ తమ లోపాలు కూడా చెప్పుకోగలరు.

ఇలాంటి సహకారం రోజువారీ బతుకులో ఎలా ఉంటుందో స్కూళ్ళలో చూడొచ్చు. ఒంటారియోలో 1990ల చివరి నుంచి చాలా బడుల్లో సెటిల్‌మెంట్ వర్కర్లు ఉంటున్నారు. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు ఏ ఆఫీసుకూ వెళ్ళకపోయినా పిల్లల బడికి తప్పకుండా వస్తారు కదా! అందుకని సాయాన్ని అక్కడికే తీసుకొచ్చి పెట్టారు. బడులు తెరిచే ముందు కొత్త పిల్లలకు వారం పాటు పరిచయ శిబిరం పెడతారు. దాన్ని నడిపేది పెద్దవాళ్ళు కాదు, ఒకటి రెండేళ్ళ ముందు అలాగే బిక్కుబిక్కుమంటూ వచ్చిన పై తరగతి పిల్లలు. లాకర్ తాళం ఎలా తీయాలి, క్లాసు క్లాసుకూ గది ఎందుకు మారాలి, టీచర్‌ను ఎలా పిలవాలి లాంటివి ఆ పిల్లలు చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరు.

అందరికీ తెలిసిన సంగతికి లెక్క ఎందుకు

ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. బాధలు పడేవాళ్ళకు తమ బాధలు తెలుసు. సాయం చేసేవాళ్ళకూ తెలుసు. మధ్యలో పరిశోధన దేనికి? ఆ డబ్బేదో నేరుగా మనుషులకే ఇవ్వొచ్చు కదా?

దీనికి జవాబు ఉద్యోగాల విషయంలో బాగా కనబడుతుంది. కెనడా వెళ్ళిన మనవాళ్ళలో 'కెనడియన్ ఎక్స్‌పీరియన్స్' అన్న మాట వినని వాళ్ళు ఉండరు. ఇక్కడ పదేళ్ళు పనిచేసిన ఇంజినీరు అక్కడ ఇంటర్వ్యూకు వెళితే 'కెనడాలో చేశారా?' అని అడుగుతారు. కెనడాలో మొదటి ఉద్యోగం ఇస్తేనే కదా అనుభవం వచ్చేది! ఈ టెన్షన్ ఎన్నో ఇళ్ళలో భార్యాభర్తల మధ్య గొడవలుగా, నిద్రలేని రాత్రులుగా గడిచింది. కానీ 'నా పేరు చూసి పిలవలేదు' అని ఒక మనిషి అంటే, 'నీ ఇంగ్లీషు బాగాలేదేమో, నీ రెజ్యూమే సరిగా లేదేమో' అనడం సులువు. ఒక్కడి అనుభవాన్ని ఎప్పుడూ అతని లోపంగా తోసిపుచ్చవచ్చు.

టొరంటో విశ్వవిద్యాలయం ఆర్థికవేత్త ఫిలిప్ ఓరియోపౌలస్ దాన్ని అలా తోసిపుచ్చడానికి వీల్లేకుండా చేశాడు. వేల సంఖ్యలో రెజ్యూమేలు తయారుచేసి నిజమైన ఉద్యోగ ప్రకటనలకు పంపాడు. కొన్నింటిలో చదువు, అనుభవం అన్నీ కెనడావే, పేరు మాత్రం భారతీయుడిదో చైనీయుడిదో పాకిస్తానీదో. 2011లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అదే చదువు, అదే అనుభవం ఉన్నా ఇంగ్లీషు పేరున్న రెజ్యూమేకు 40 శాతం దాకా ఎక్కువ పిలుపులు వచ్చాయి. అనుభవం కెనడా బదులు విదేశాల్లోది అయితే పిలుపులు ఇంకా తగ్గాయి. ఇక్కడ తప్పు రెజ్యూమేది అనడానికి లేదు, రెజ్యూమే రాసింది ప్రొఫెసరే.

2013లో ఒంటారియో మానవ హక్కుల కమిషన్ ఉద్యోగానికి కెనడా అనుభవం తప్పనిసరి అనడం పైకి చూస్తేనే వివక్ష అని విధానం ప్రకటించింది. సంఘాలు, న్యాయ సహాయ కేంద్రాలు, వలస వచ్చిన వృత్తి నిపుణులు ఏళ్ళ తరబడి చేసిన ఒత్తిడి దాని వెనక ఉంది. 2021లో ఒంటారియో తెచ్చిన చట్టం లైసెన్సు అవసరమైన చాలా వృత్తులకు ఆ షరతు పెట్టకూడదంది. 2023 మే నెలలో ఒంటారియో ఇంజినీర్ల లైసెన్సింగ్ సంస్థ కెనడా అనుభవం షరతును తీసేసింది. 2026 జనవరి 1 నుంచి ఆ రాష్ట్రంలో 25 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ఉద్యోగ ప్రకటనల్లో కెనడా అనుభవం కావాలని అడగకూడదు. అంటే ఆ ఫలితాలు అచ్చయ్యాక ఈ నిబంధన రావడానికి దాదాపు పదిహేనేళ్ళు పట్టింది. ఆ పదిహేనేళ్ళలో ఎంతమంది అకౌంటెంట్లు గోడౌన్లలో పెట్టెలు మోశారో! లెక్క లేకపోతే అన్యాయం కనబడదు. లెక్క ఉన్నంత మాత్రాన అన్యాయం ఆగదు, దాన్ని పట్టుకుని పోరాడే మనుషులు కావాలి. రెండూ ఒక చోట ఉండాలనే ఈ ఏర్పాట్లన్నీ.

కరోనా రోజుల్లో ఇదే సంగతి ఇంకా పచ్చిగా బయటపడింది. బ్రాంప్టన్, మిసిసాగా నగరాలున్న పీల్ ప్రాంతంలో జనాభాలో సగానికి పైగా వలస వచ్చినవాళ్ళు. గోడౌన్లు, లారీలు, ఆహార కర్మాగారాలు ఆగకుండా నడిపింది వాళ్ళే. ఒకే ఇంట్లో మూడు తరాలు ఉంటారు. జ్వరం వచ్చి ఇంట్లో కూర్చుంటే జీతం రాదు. అక్కడి కేసులు పెరిగినప్పుడు 'వీళ్ళ పెళ్ళిళ్ళు, పండగల వల్లే' అనే మాట మొదలైంది. మరోవైపు వివరాలు జాతి ప్రాతిపదికన సేకరించాలని సంఘాలు, వైద్యులు పట్టుబట్టారు. టొరంటో ప్రజారోగ్య శాఖ 2020 జూలైలో బయటపెట్టిన లెక్కలో, వివరాలు తెలిసిన కేసుల్లో 83 శాతం తెల్లవాళ్ళు కాని సమూహాలవి. నగర జనాభాలో వాళ్ళ వాటా 52 శాతం. పండగలు ఇంత తేడా తేలేవు. పనిచేసే చోటు, ఇరుకు ఇళ్ళు, జీతం రాని సెలవు కలిసి తెచ్చిన తేడా అది. ఆ తర్వాత దక్షిణాసియా వైద్యులు ఒక టాస్క్‌ఫోర్స్‌గా ఏర్పడి సొంత భాషల్లో చెప్పడం మొదలుపెట్టారు. 2021 వసంతంలో పిన్‌కోడ్‌ల వారీగా ఎక్కువ ప్రమాదం ఉన్న పేటలకే టీకా శిబిరాలు తీసుకెళ్ళారు. అదే ఏప్రిల్‌లో ఒంటారియో మూడు రోజుల వేతన సెలవు ప్రకటించింది. అప్పటికే చాలా ఆలస్యమైందని అక్కడివాళ్ళు బాధపడతారు, ఆ బాధలో న్యాయం ఉంది.

సర్వే ఫారం నింపి అలసిపోయినవాళ్ళు

పరిశోధన అంటే మంచే అనుకుంటే పొరపాటు. శరణార్థులు ఎక్కువగా ఉండే కొన్ని పేటల్లో ఒకే కుటుంబాన్ని ఒకరి తర్వాత ఒకరు వచ్చి అడుగుతుంటారు. పడవలో ఏం జరిగింది, క్యాంపులో ఎన్నేళ్ళు ఉన్నారు, ఇప్పుడు నిద్ర పడుతోందా? చెప్పినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. అడిగినవాడికి మూడేళ్ళ తర్వాత ఒక పత్రికలో వ్యాసం వస్తుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది, డబ్బు కట్టి చదవాలి. మరుసటి నెల అద్దె ఎలా కట్టాలా అని చూస్తున్న మనిషికీ, మూడేళ్ళ గ్రాంటు మీద పనిచేసే విశ్వవిద్యాలయానికీ కాలం ఒక్కలా నడవదు. విశ్వవిద్యాలయంలో ప్రమోషన్ వ్యాసాలను బట్టే వస్తుంది, బస్సు రూటు మారిందా లేదా అన్నదాన్ని బట్టి కాదు.

దీనికి విరుగుడుగా టొరంటోలో 'యాక్సెస్ అలయన్స్' లాంటి ఆరోగ్య కేంద్రాలు ఒక పద్ధతి పట్టుకున్నాయి. వలస వచ్చినవాళ్ళకే పరిశోధనలో శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి, తమ తోటివాళ్ళ దగ్గరికి పంపడం. వీళ్ళను పీర్ రిసెర్చర్లు అంటారు. ప్రశ్నలు తయారుచేసేటప్పుడు కూడా వీళ్ళు ఉంటారు. తేడా ఎక్కడ వస్తుందంటే, బయటివాడు 'మీకు డాక్టర్ అందుబాటులో ఉన్నారా?' అని అడిగితే 'ఉన్నారు' అంటారు. అదే భాష మాట్లాడే మనిషి 'డాక్టర్ దగ్గరికి వెళితే ఎవరు మాట్లాడతారు?' అని అడిగితే, పన్నెండేళ్ళ కూతురు బడి మానేసి తల్లికి దుబాసీగా వెళుతోందని బయటపడుతుంది. తల్లి తన ఒంటి బాధలన్నీ కూతురి ద్వారా చెప్పగలదా? ఆ ఒక్క ప్రశ్నలో మందుల కంటే ముందు కావలసింది దుబాసీ అని తెలుస్తుంది.

బల్ల దగ్గరా ఇదే చిక్కు. నోరున్నవాడిదే రాజ్యం అన్నట్టు, ఇంగ్లీషు బాగా వచ్చి, పగటిపూట తీరిక ఉన్నవాళ్ళే వలసల ప్రతినిధులుగా వచ్చి కూర్చుంటారు. రెండు షిఫ్టులు చేసే మనిషి మంగళవారం ఉదయం పది గంటల మీటింగ్‌కు ఎలా వస్తుంది? మిగతావాళ్ళందరూ జీతం మీద వచ్చి కూర్చుంటే ఆమె జీతం పోగొట్టుకుని రావాలి. అందుకే కొన్ని చోట్ల వలసదారుల సలహా బృందాలను విడిగా పెట్టి, వాళ్ళ సమయానికి డబ్బు, పిల్లలను చూసుకునే ఏర్పాటు ఇస్తున్నారు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది. నా దృష్టిలో సహకారం నిజమా పేరుకా అన్నది తేలేది ఇక్కడే.

ఇంకో పరిమితి కూడా ఉంది. బల్ల దగ్గర ఎంత మంచి ప్రణాళిక రాసినా, అద్దెలు తగ్గించే అధికారం దానికి లేదు. డాక్టర్ల లైసెన్సులు రాష్ట్ర స్థాయి సంస్థల చేతిలో ఉంటాయి, ఎంతమందిని రానివ్వాలో ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. లిప్ చెప్పగలదు, ఒప్పించగలదు, అంతవరకే.

తోడుగా నిలిచినప్పుడు ఏమవుతుంది

జనం పూచీ మీద వచ్చిన శరణార్థులూ, ప్రభుత్వ సాయంతో వచ్చినవాళ్ళూ ఎలా నిలదొక్కుకున్నారో కెనడా గణాంక శాఖ ఏళ్ళ తరబడి పోల్చి చూసింది. మొదటి ఏళ్ళలో జనం పూచీ మీద వచ్చినవాళ్ళకు ఉద్యోగాలు త్వరగా దొరికాయి, సంపాదన ఎక్కువగా ఉంది. ముఖ్యంగా పెద్దగా చదువుకోనివాళ్ళ విషయంలో ఆ తేడా ఎక్కువ. ఎందుకు? పూచీ తీసుకున్న ఐదారు కుటుంబాలకు తెలిసిన షాపు ఓనరు ఉంటాడు, పాత కారు అమ్మేవాడు ఉంటాడు, ఇంటి ఓనరుకు రిఫరెన్స్ ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఎసెస్ బృందం వరసలో రెండోదిగా చెప్పిన పరిచయాలు, నమ్మకాలు అంటే ఇవే. చదువున్నవాడికి డిగ్రీ ఒక రిఫరెన్స్ అవుతుంది. లేనివాడికి మనుషులే రిఫరెన్స్.

అయితే ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. 2002 చట్టం తర్వాత ప్రభుత్వం తను రప్పించేవాళ్ళను ఎంచుకునేటప్పుడు ఎవరు త్వరగా నిలదొక్కుకుంటారన్న దాని కంటే ఎవరికి రక్షణ ఎక్కువ అవసరమో చూస్తోంది. జబ్బులున్నవాళ్ళు, హింస పాలైనవాళ్ళు, పెద్ద కుటుంబాలు ఆ దారిలోనే ఎక్కువగా వస్తారు. జనం పూచీ మీద వచ్చేవాళ్ళలో చాలామందికి అక్కడ ముందే బంధువులుంటారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి 'ప్రభుత్వం చేతకానిది, జనమే గొప్ప' అంటే అది లెక్కను తప్పుగా వాడుకోవడమే.

తోడుగా నిలవడంలోనూ ముళ్ళున్నాయి. డబ్బు పెట్టినవాడికి మాట చెల్లాలనిపిస్తుంది. ఈ ఇల్లే తీసుకో, ఈ బడిలోనే చేర్చు, ఆ ఫోన్ కొనడం దేనికి అనే దాకా పోతుంది. సరిగ్గా ఏడాది పూర్తవగానే డబ్బు ఆగిపోయే నెలను అక్కడ 'పదమూడో నెల' అంటారు. ఆ నెల తలచుకుని రెండు వైపులా భయపడతారు.

2015 నవంబర్ నుంచి 2016 ఫిబ్రవరి చివరి వరకు నాలుగు నెలల్లో 26,000 మందికి పైగా సిరియన్ శరణార్థులు కెనడా వచ్చారు. అప్పుడు టొరంటోలో జనాన్ని కూడగట్టిన సంస్థ పేరు 'లైఫ్‌లైన్ సిరియా'. ఆడెల్‌మన్ ముందుగదిలో పుట్టిన పేరునే ముప్ఫై ఆరేళ్ళ తర్వాత మళ్ళీ పెట్టుకున్నారు. ఆడెల్‌మన్ కూడా 1979తో ఆగలేదు. ఆ ఉద్యమంలో పోగైన కాగితాలు, వివరాల నుంచే యార్క్‌లో శరణార్థి అధ్యయన కేంద్రం ఎదిగింది. సిరియన్లు వచ్చిన తొలి ఏడాదే వాళ్ళ అనుభవాల మీద పరిశోధనకు ప్రభుత్వం ప్రత్యేక నిధులు ఇచ్చింది. వాళ్ళు కుదురుకుంటుండగానే చూసి సరిదిద్దుకోవాలని అలా చేశారు. తర్వాత బ్రిటన్ వంటి దేశాలు కూడా ఈ పద్ధతిని తీసుకున్నాయి. ఇంత చేసిన దేశమే 2024 నవంబర్ చివర్లో, దరఖాస్తులు గుట్టలుగా పేరుకుపోయాయని ఐదుగురు పౌరులు కలిసి పూచీ పడే కొత్త దరఖాస్తులను తీసుకోవడం ఆపేసింది.

లెక్కలో లేని మన పిల్లలు

2023 చివరికి కెనడాలో 10 లక్షల మందికి పైగా విదేశీ విద్యార్థులున్నారు. వాళ్ళలో 40 శాతం దాకా భారతీయులు, వాళ్ళలో తెలుగు పిల్లలూ ఎందరో. పైన చెప్పిన ఏర్పాట్లలో ఫెడరల్ నిధులతో నడిచే సెటిల్‌మెంట్ సేవలు పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చినవాళ్ళకూ, రక్షణ పొందిన శరణార్థులకూ మాత్రమే. స్టడీ పర్మిట్ మీద ఉన్న పిల్లలకు అవి అందవు. ఆ పిల్లవాడు రాత్రి గోడౌన్‌లో పనిచేస్తాడు, అక్కడే పన్ను కడతాడు, అదే బస్సు ఎక్కుతాడు, ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురితో ఉంటాడు. ఓనరు డిపాజిట్ తిరిగి ఇవ్వకపోతే ఎవరిని అడగాలో తెలియదు. పక్క వీధిలో అలాంటి ప్రశ్నలకే జవాబు చెప్పే సెటిల్‌మెంట్ వర్కర్ ఉంటుంది. 'నీకు పీఆర్ ఉందా?' అన్న మొదటి ప్రశ్న దగ్గరే అతను ఆగిపోతాడు.

విద్యార్థులు తాత్కాలికంగా వచ్చినవాళ్ళని, వాళ్ళ బాధ్యత కాలేజీలదని ప్రభుత్వం అంటుంది. కాలేజీలేమో ఫీజులు తీసుకుని, ఇల్లు, ఉద్యోగం మా పరిధి కాదంటాయి. కానీ ఆ పిల్లలను రప్పించేటప్పుడు పీఆర్ దారి చూపించే రప్పించారు. వచ్చిన మొదటి రెండు మూడేళ్ళే అన్నిటికంటే కష్టమైనవి, సాయం అవసరమైనవి. అవి గడిచి పీఆర్ వచ్చాక సాయం మొదలవుతుంది. ఇది నాకు తిరగేసిన పద్ధతిలా కనిపిస్తుంది.

2024 జనవరిలో స్టడీ పర్మిట్లకు పరిమితి పెట్టారు, ఆ ఏడాది కొత్తవి 35 శాతం తగ్గేలా. ఇళ్ళు చాలడం లేదన్నది ఒక కారణంగా చెప్పారు. ఇళ్ళు చాలవని ఊళ్ళలోని బల్లల దగ్గర ఎప్పటి నుంచో అంటున్నారు. ఆ మాట ఒట్టావా చేరేసరికి ఊళ్ళలో ఇళ్ళు కట్టే పనిగా కాక, పిల్లల సంఖ్య తగ్గించే నిర్ణయంగా మారింది. కోపం మాత్రం పిల్లల మీదికి మళ్ళింది.

కొన్ని చోట్ల మార్పు కనబడుతోంది. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం తన సొంత నిధులతో విద్యార్థులకూ, తాత్కాలిక ఉద్యోగులకూ సేవలు నడుపుతోంది. ఇక ఎవరూ పర్మిట్ రకం అడగని చోటు ఒకటుంది. టొరంటోలో ఉంటున్నట్టో, చదువుతున్నట్టో ఒక కాగితం చూపిస్తే పబ్లిక్ లైబ్రరీ కార్డు ఉచితంగా ఇస్తారు. చలికాలం సాయంత్రం అక్కడ వెచ్చగా ఉంటుంది, ఇంటర్నెట్ ఉంటుంది. కొన్ని శాఖల్లో వారంలో కొన్ని రోజులు ఒక మూల బల్ల దగ్గర సెటిల్‌మెంట్ వర్కర్ కూర్చుంటుంది. మన పిల్లవాడు ఆమెకు నాలుగు అడుగుల దూరంలో కూర్చుని చదువుకుంటూ ఉంటాడు.